ఆకుపచ్చ స్ప్రింగ్ వేస్తే షీట్ వదలట్లేదు, పసుపు వేస్తే విరుగుతోంది: ఏం చేయాలి?

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
అందరికీ నమస్తే. కస్టమర్ ఇచ్చిన పాత బ్లాంకింగ్ డై (పంచ్ దిగి షీట్‌లోంచి ముక్కని కత్తిరించే అచ్చు) ఒకటి మా దగ్గర నడుస్తోంది. 2 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీట్, బ్రాకెట్ జాబ్, నిమిషానికి 45 స్ట్రోకులు. డ్రాయింగ్ జపాన్ వాళ్ళది. స్ట్రిప్పర్ (పంచ్‌కి పట్టుకున్న షీట్‌ని తోసి వదిలించే ప్లేటు) మీద 8 స్ప్రింగులు, వ్యాసం 25, పొడవు 50, రంగు ఆకుపచ్చ. పాతవి కుంగిపోయాయని పర్చేజ్ వాళ్ళు కొత్త సెట్ తెప్పించారు. అదే సైజు, అదే ఆకుపచ్చ. బిగించి చూస్తే షీట్ పంచ్‌ని పట్టుకుని పైకి లేస్తోంది, స్ట్రిప్పర్ దాన్ని తోయలేకపోతోంది. సెట్టర్ స్క్రూడ్రైవర్ పెట్టి ఊడదీస్తున్నాడు. అమ్మినాయన్ని అడిగితే "గట్టిది కావాలంటే పసుపు తీసుకోండి" అన్నాడు. పసుపు వేశాం. షీట్ టక్కున వదిలింది. కానీ వారం తిరక్కుండానే స్ప్రింగులు ఒక్కొక్కటీ విరగడం మొదలైంది. మెటీరియల్ నాసిరకమా? మంచి కంపెనీ పేరు చెప్పండి.

రాణిగంజ్_రౌండ్స్
కంపెనీ పేరు తర్వాత అడుగు తమ్మీ. రంగు జూసి కొనుడు ముందు బంద్ చెయ్యి. మా గల్లీల రోజూ ఇదే లొల్లి. ఒకాయన వస్తడు, "ఆకుపచ్చ ఇయ్యి" అంటడు. ఏ పద్ధతి ఆకుపచ్చ అంటే మొఖం జూస్తడు.

పాత_డ్రాఫ్ట్స్‌మన్
రాణిగంజ్ ఆయన చెప్పిందే అసలు సంగతి. డై స్ప్రింగులకు రంగుల వరుస ప్రపంచమంతా ఒకటి కాదు.

ఐఎస్ఓ 10243 (డై స్ప్రింగుల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం ఆకుపచ్చ అన్నిటికన్నా మెత్తనిది. తర్వాత నీలం, తర్వాత ఎరుపు, అన్నిటికన్నా గట్టిది పసుపు. జపాన్ పద్ధతిలో పసుపు అన్నిటికన్నా మెత్తనిది. తర్వాత నీలం, ఎరుపు, ఆకుపచ్చ, చివర్న గోధుమరంగు. అంటే మీ డ్రాయింగులో ఉన్న ఆకుపచ్చ గట్టి స్ప్రింగు. మీ పర్చేజ్ వాళ్ళు తెచ్చిన ఆకుపచ్చ ఐఎస్ఓ వరుసలో అడుగున ఉండేది. షీట్ వదలకపోవడంలో వింతేముంది? పొడవు కొలిచి చూడండి. 50 కాకుండా 51 ఉంటే అది ఐఎస్ఓ సరుకే. వాళ్ళ పొడవులు 38, 44, 51, 64, 76, 89, 102 అని నడుస్తాయి.

ఇంకొక్క మాట. స్క్రూడ్రైవర్ పెట్టి ఊడదీసేటప్పుడు ప్రెస్ ఆపి, సేఫ్టీ బ్లాక్ (పై సగం జారి పడకుండా మధ్యలో పెట్టే దిమ్మ) పెడుతున్నారా? మిగతాదంతా రేపు చూసుకోవచ్చు, అది మాత్రం ఇవాళే చూడండి.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
కొలిచాను సార్, 51 ఉంది. పసుపువి కూడా 51. సెట్టర్‌కి బ్లాక్ లేకుండా చెయ్యి పెట్టొద్దని చెప్పేశాను. కానీ ఐఎస్ఓలో పసుపు అన్నిటికన్నా గట్టిది కదా, మరి అది ఎందుకు విరగాలి?

పాత_డ్రాఫ్ట్స్‌మన్
గట్టిది కాబట్టే. స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత తక్కువ నొక్కుడు ఓర్చుకుంటుంది. ఐఎస్ఓ రకాలకు కేటలాగుల్లో సాధారణంగా ఇచ్చే హద్దులు ఇవి. మొత్తం పొడవులో ఆకుపచ్చ 40 శాతం, నీలం 37.5, ఎరుపు 30, పసుపు 25. అది ఆఖరి గీత, రోజూ అక్కడిదాకా వెళ్ళకూడదు. రోజువారీ పనికి ఆకుపచ్చ, నీలం 30 దగ్గర, ఎరుపు 25 దగ్గర, పసుపు 20 దగ్గర ఆపాలి. లక్షల స్ట్రోకులు రావాలంటే ఇంకా కిందే: 25, 25, 20, 17.

51 పొడవు పసుపుకి ఆఖరి గీత 12.75 మి.మీ. మీ డైలో స్ప్రింగు మొత్తం ఎంత నొక్కుకుంటోంది? ప్రీలోడ్ (బిగించినప్పుడే ఉండే నొక్కుడు) ఎంత, ఆపైన స్ట్రిప్పర్ నడక ఎంత, రెండూ కలిపి చెప్పండి.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
డ్రాయింగులో ప్రీలోడ్ 5, నడక 6. మొత్తం 11.

చర్లపల్లి_సెట్టర్
డ్రాయింగుల ఉన్నది కాదు అన్నా, డై మీద ఉన్నది చెప్పు. పంచ్ ఎన్నిసార్లు గ్రైండింగ్‌కి పోయింది? పై సగం తిరగేసి టేబుల్ మీద పెట్టు. స్ట్రిప్పర్ ముఖం పంచ్ మొనకన్నా ఎంత ముందుకున్నదో డెప్త్ వెర్నియర్‌తోని చూడు.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
చూశాను. 6 మి.మీ. ముందుకుంది. డ్రాయింగులో 2 మాత్రమే. పంచ్ కొత్తప్పుడు 70, ఇప్పుడు 66.

చర్లపల్లి_సెట్టర్
దొరికింది. పంచ్ 4 పొట్టిగయ్యింది. గదే పంచ్ మళ్ళ షీట్‌లకి దిగాలంటే ర్యామ్ (ప్రెస్‌ల మీదికీ కిందికీ ఆడే భాగం) 4 కిందికి రావాలె. స్ట్రిప్పర్ షీట్ మీద ఆగిపోతది గదా, గా 4 మొత్తం స్ప్రింగే మింగాలె. 11 కాదు, 15 నొక్కుకుంటున్నది.

పాత_డ్రాఫ్ట్స్‌మన్
డ్రాయింగు 50 పొడవుకి గీసింది, మీ స్ప్రింగు 51 కాబట్టి ప్రీలోడ్‌లో ఇంకో 1 కలిసి 16 అవుతుంది. 16ని 51తో భాగించండి. 31 శాతం దాటింది. 25 హద్దు ఉన్న స్ప్రింగుని 31 నొక్కితే ఏ కంపెనీదైనా విరుగుతుంది. డైని సాన పెడితే స్ప్రింగుకి ఏమీ కాదు, షట్ హైట్ (మూసినప్పుడు డై మొత్తం ఎత్తు) మారుతుందంతే. పంచ్‌ని సాన పెట్టిన ప్రతిసారీ మాత్రం స్ప్రింగు మీద భారం పడుతుంది. డిజైన్ చేసేటప్పుడే గ్రైండింగ్ కోసం కొంత నొక్కుడు మిగిల్చి లెక్కెయ్యాలి. చాలా డ్రాయింగుల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

అసలు మీ డై పుట్టినప్పుడే పెద్ద వెసులుబాటు లేదు. జపాన్ పద్ధతి కేటలాగుల్లో ఆకుపచ్చకి 3 లక్షల స్ట్రోకులకైతే 24 శాతం, 5 లక్షలకైతే 21.6, 10 లక్షలకైతే 19.2 అని ఉంటుంది. 50లో 11 అంటే 22 శాతం. 5 లక్షలకి కాస్త ఇవతలే. నిమిషానికి 45 అంటే గంటకి 2,700. ప్రెస్ ఎప్పుడూ ఆగకుండా నడవదు కాబట్టి అరవై శాతం వేసుకున్నా 8 గంటల షిఫ్టుకి 13 వేలు. 3 లక్షలంటే ఇరవై మూడు షిఫ్టులు! డబుల్ షిఫ్టు అయితే పన్నెండు రోజుల ముచ్చట. స్ప్రింగు పాడైందని తిట్టుకునేవాళ్ళు ఈ భాగహారం ఒక్కసారి చేసుకుంటే బాగుంటుంది.

బెజవాడ_ఆటోనగర్
ఇంత లెక్క దేనికండీ. మా దగ్గరైతే పొడవాటి స్ప్రింగు తెచ్చి, కటింగ్ వీల్ మీద కావాల్సినంత కోసి పెట్టేస్తాం. ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి.

చర్లపల్లి_సెట్టర్
నడుస్తున్నయా, నడిపిస్తున్నరా?

పాత_డ్రాఫ్ట్స్‌మన్
బెజవాడ గారూ, చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. సగానికి కోస్తే రేటు (ఒక మి.మీ. నొక్కడానికి కావాల్సిన బలం) దాదాపు రెట్టింపు. అంటే కేటలాగులో చూసిన అంకె ఇక మీ స్ప్రింగుది కాదు. పైగా కోసిన చోట చివరి చుట్టు మూసుకుని, నున్నగా, చదునుగా ఉండదు. ఒక పక్క మీదే కూర్చుంటుంది. కటింగ్ వీల్ వేడికి అక్కడ టెంపర్ కూడా పోతుంది. చిన్న జిగ్గులకు, ఫిక్చర్లకు చెల్లిపోవచ్చు. నిమిషానికి 45 సార్లు కొట్టే డైకి వద్దు.

బెజవాడ_ఆటోనగర్
మావి చేత్తో తిప్పే ఫ్లై ప్రెస్సులే లెండి ఎక్కువ. ఆ లెక్కన మీరన్నది ఒప్పుకుంటాను.

సీఐటీడీ_పాతబ్యాచ్
విరిగిన ముక్కలు పారేయకు తమ్ముడూ. వాటిని చూస్తే సగం కథ తెలుస్తుంది. బాలానగర్‌లో చదువుకున్నప్పుడు మా ఇన్‌స్ట్రక్టర్ విరిగిన స్ప్రింగు చేతికిచ్చి "ఎందుకు పోయిందో చెప్పు" అని నిలబెట్టేవారు.

చుట్టు లోపలి వైపు నుంచి పగులు మొదలైతే అలసట, అంటే ఎక్కువ నొక్కుడు. స్ట్రెస్ ఎక్కువ ఉండేది లోపలి అంచు మీదే. బయటి వైపు ఒక గీతలా మెరుస్తూ అరిగి ఉంటే బోర్ గోడకి రాసుకుంటోంది. బోర్ ఇరుకు కావచ్చు, పైనా కిందా బోర్లు ఒకే వరుసలో లేకపోవచ్చు. నొక్కినప్పుడు స్ప్రింగు వ్యాసం కొద్దిగా పెరుగుతుందని మర్చిపోవద్దు. చివరి చుట్టు దగ్గరే విరిగితే బోర్ అడుగు చూడు. డ్రిల్లు వేసి వదిలేసి ఉంటారు, అడుగున గరాటులా ఉంటుంది. స్లాట్ డ్రిల్లుతో చదును చేయాలి. చుట్ల మధ్య స్లగ్ ముక్క (షీట్‌లోంచి తెగిన తుక్కు) ఇరుక్కున్నా ఆ పక్క చుట్ల మీద భారం పడి అక్కడే పోతుంది.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
అన్నా, ఇప్పుడే చూశాను. అన్నీ మధ్య చుట్లలోనే విరిగాయి, పగులు లోపలి వైపు నుంచే. కానీ ఒకదానికి మాత్రం చివర కూడా నలిగిన గుర్తు ఉంది. ఆ బోర్‌లో వేలు పెట్టి చూస్తే అడుగున గరాటు తగిలింది!

సీఐటీడీ_పాతబ్యాచ్
అది ఎవరో తర్వాత వేసిన బోర్ అయ్యుంటుంది. ఎలాగూ పై షూ (డై పై సగాన్ని మోసే మందపాటి ప్లేటు) విప్పుతావు కదా, మొత్తం ఎనిమిదీ చదును చేయించు.

నాచారం_మోల్డ్‌షాప్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది ఇంజెక్షన్ మోల్డ్. ఎజెక్టర్ ప్లేటు (అచ్చులోంచి పార్టుని బయటికి తోసే పిన్నులున్న ప్లేటు) వెనక్కి రావడానికి రిటర్న్ పిన్నుల మీద నాలుగు స్ప్రింగులు పెట్టాలి. ఎజెక్షన్ 30 మి.మీ. ఏది వేయాలి?

పాత_డ్రాఫ్ట్స్‌మన్
మీకు బలం కన్నా నడక ముఖ్యం. కాబట్టి ఐఎస్ఓ ఆకుపచ్చతో మొదలుపెట్టండి. 30కి ప్రీలోడ్ 5 కలిపితే 35. పొడవు 102 తీసుకుంటే 34 శాతం, హద్దులోనే ఉంది కానీ ఎక్కువే. 115 అయితే 30 దగ్గర. 127 అయితే 27.6. చోటుంటే 127 వేయండి. ఐఎస్ఓలో 25 సైజు అంటే 25 బోర్‌లో కూర్చునేది, లోపల 12.5 రాడ్ పట్టేది. మీ రిటర్న్ పిన్ను 12 అయితే సరిపోతుంది. 16 అయితే 32 సైజుకి వెళ్ళాలి. పొడవు వ్యాసానికి నాలుగు రెట్లు దాటితే లోపల పిన్నో, బయట బోరో తప్పనిసరి. లేకపోతే నడుం వంగుతుంది.

నాచారం_మోల్డ్‌షాప్
స్ప్రింగు ఉంది కదా అని రిటర్న్ పిన్నులు తీసేయొచ్చా? మా ఓనరు అడుగుతున్నాడు.

సీఐటీడీ_పాతబ్యాచ్
ఓనరుకి స్లైడు (మోల్డులో పక్కకి జరిగే భాగం) ఖరీదెంతో గుర్తుచెయ్యి. స్ప్రింగు సాయం మాత్రమే. మోల్డు మూసుకునేటప్పుడు ప్లేటుని ఇంటికి చేర్చేది రిటర్న్ పిన్ను. స్లైడు కింద ఎజెక్టర్ పిన్ను ఉంటే అదీ చాలదు. మోల్డు మూసుకునేలోపే ప్లేటు వెనక్కి రావాలి. అర్లీ రిటర్న్ పెట్టి, ప్లేటు వెనక్కి వచ్చిందని చెప్పే లిమిట్ స్విచ్ మెషీన్‌కి కలపాలి. ఒక్క స్ప్రింగు విరిగినా పిన్ను స్లైడుని గుద్దుతుంది.

నాచారం_మోల్డ్‌షాప్
స్లైడు ఉంది. స్విచ్ పెట్టిస్తా. వేడి సంగతేంటి?

పాత_డ్రాఫ్ట్స్‌మన్
ప్లాస్టిక్ మోల్డులో నీళ్ళు తిరుగుతుంటాయి, స్ప్రింగుకి అదొక వేడే కాదు. అల్యూమినియం డై కాస్టింగ్ అయితే అడగాల్సిన ప్రశ్న. క్రోమ్ వెనేడియం తీగ 220 డిగ్రీల దాకా, క్రోమ్ సిలికాన్ 250 దగ్గర దాకా ఆగుతాయి. ఆ దగ్గర్లోకి వెళ్తే బలం కొంత తగ్గుతుంది, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

కూకట్‌పల్లి_గ్యాస్
మొదటి ప్రశ్నకి వస్తే, నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగులు ఎవరూ అనరేం? ఎనిమిది బదులు నాలుగు చాలు. మొదటి మిల్లీమీటరు నుంచే పూర్తి బలం ఇస్తాయి, ప్రీలోడ్ గొడవే లేదు.

చర్లపల్లి_సెట్టర్
అన్నా, సీల్ పోతే బాగుచేసేటోడు దొరకాలె గదా. నైట్రోజన్ తప్ప ఇంకోటి నింపొద్దు, 150 బార్ల ప్రెషర్. వేడి 80 డిగ్రీలు దాటితే సీలు ఖతం. పెద్ద డ్రా డైలకి మంచిగుంటది. గీ బ్రాకెట్‌కి ఎందుకు?

కూకట్‌పల్లి_గ్యాస్
బ్రాకెట్‌కి ఖరీదే, నిజమే. చోటు ఇరుకైన డైలకి గుర్తుపెట్టుకోండి చాలు.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
డ్రాఫ్ట్స్‌మన్ సార్, ఇప్పుడు నేను ఏం కొనాలో లెక్క ఎలా వేయాలి? ఒకసారి చూపించండి. కటింగ్ చుట్టుకొలత 240 మి.మీ.

పాత_డ్రాఫ్ట్స్‌మన్
వేద్దాం. మెత్తటి సీఆర్ షీట్ షేర్ బలం 300 న్యూటన్లు ప్రతి చదరపు మి.మీ.కి అనుకుందాం. మీ షీట్ సర్టిఫికెట్‌లో ఎక్కువ ఉంటే అది వేసుకోండి. 240 గుణించు 2 గుణించు 300. మొత్తం 1,44,000 న్యూటన్లు, సుమారు 14.7 టన్నులు. షీట్‌ని ఊడదీయడానికి కటింగ్ బలంలో 10 నుంచి 20 శాతం వేస్తారు. పంచ్ నున్నగా ఉండి, క్లియరెన్సు (పంచ్‌కీ డైకీ మధ్య సందు) సరిగా ఉంటే తక్కువ వైపు. 12 వేశాను: 17,280. ఎనిమిదితో భాగిస్తే ఒక్కో స్ప్రింగు 2,160 న్యూటన్లు ఇవ్వాలి.

ఈ బలం కావాల్సింది స్ట్రోకు అడుగున, ఊడదీయడం మొదలయ్యే చోట. అప్పుడు స్ప్రింగు పూర్తిగా నొక్కుకుని ఉంటుంది. 11 నొక్కుడుకి 2,160 రావాలంటే రేటు మి.మీ.కి 196 న్యూటన్లు. 15 నొక్కుడుకైతే 144 చాలు.

ఇక్కడే చూడండి. మీరు వెతికింది గట్టి స్ప్రింగు. మీకు కావాల్సింది పొడుగు స్ప్రింగు. పొడవు 64, ఎరుపు రకం తీసుకుంటే 15 నొక్కుడు 23.4 శాతమే. హద్దు 30, రోజువారీ 25. హాయిగా కూర్చుంటుంది.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
పొడవు పెరిగితే చోటెక్కడ సార్? పంచ్ ఇంకా సాన పెడితే మళ్ళీ 15 దాటుతుంది కదా?

పాత_డ్రాఫ్ట్స్‌మన్
మంచి ప్రశ్న. మీ స్ప్రింగులు పంచ్ ప్లేటులో ఆగుతాయా, పై షూ దాకా వెళ్తాయా?

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
పంచ్ ప్లేటు దాటి పై షూలోకి వెళ్తాయి. షూ మందం 45. బోర్ లోతు షూలో 15 ఉంది.

పాత_డ్రాఫ్ట్స్‌మన్
అయితే పని సులువు. పంచ్ తల వెనక 4 మి.మీ. హార్డెన్ చేసిన ప్యాకింగ్ వేసి పంచ్‌ని పాత పొడవుకి తీసుకురండి. స్ట్రిప్పర్ మళ్ళీ 2 మాత్రమే ముందుంటుంది, నడక 6కి దిగుతుంది. స్ప్రింగు పై షూలో కూర్చుంది కాబట్టి దాన్ని ఈ ప్యాకింగ్ ముట్టదు. ఇప్పుడు ప్రీలోడ్ 9 పెట్టండి. 9కి 6 కలిపితే 15. ఇదివరకు స్ప్రింగు బిగించిన పొడవు 45, ఇప్పుడు 64లోంచి 9 పోతే 55. అంటే బోర్ ఇంకో 10 లోతు, మొత్తం 25. షూలో 20 మిగులుతుంది, చాలు. ఆ 10 తీసేటప్పుడే అడుగు చదునవుతుంది. ఇకమీదట పంచ్ సాన పెట్టిన ప్రతిసారీ ప్యాకింగ్ మందం అంతే పెంచండి.

చర్లపల్లి_సెట్టర్
బిగించేటప్పుడు జాగ్రత్త అన్నా. 9 ప్రీలోడ్‌కి ఎనిమిదీ కలిపి టన్ను దాటుతది. స్ట్రిప్పర్ బోల్టులు అందవు. ముందు పొడుగు బోల్టులు నాలుగు మూలల పెట్టి, సమంగ దించుకుంట రా. అసలు బోల్టులు పట్టినంక ఇవి తియ్యి. ఒక్క మూల ముందు గుంజితే ప్లేటు అడ్డం పడి పంచ్‌ని గీకుతది. ఇంకోటి, ఎనిమిదీ కొత్తయే వెయ్యి. నాలుగు పాతయి నాలుగు కొత్తయి అంటే స్ట్రిప్పర్ వంకర దిగుతది.

రాణిగంజ్_రౌండ్స్
144 కావాలని అడుగుతవు సరే, ఇచ్చింది 144 ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది? రంగు డబ్బా యాభై రూపాయలకు దొరుకుతది.

సీఐటీడీ_పాతబ్యాచ్
ఆర్బర్ ప్రెస్ కింద 200 కిలోల ప్లాట్‌ఫారం కాటా పెట్టు. స్ప్రింగులోకి 12 మి.మీ. రాడ్ దూర్చు, కింద మందపాటి వాషరు, పైన బోర్ ఉన్న బుష్. రాడ్ లేకుండా నొక్కొద్దు, జారిందంటే బుల్లెట్టే. డయల్ గేజి ఆనించి 5 మి.మీ. దగ్గర ఎంత చూపిస్తుందో రాసుకో, 10 దగ్గర ఎంతో రాసుకో. రెండింటి తేడాని 5తో భాగించి 9.81తో గుణిస్తే రేటు. 144 ఉన్న స్ప్రింగుకి ఆ తేడా 73 కిలోల దగ్గర రావాలి. మొదటి అంకెని నమ్మొద్దు, చివరి చుట్లు సర్దుకోవడం అందులో కలిసిపోతుంది. తేడానే చూడు.

రాణిగంజ్_రౌండ్స్
గిది మంచిగున్నది. మా షాపుల పెట్టిస్త. గిరాకీ ముందలనే నొక్కి చూపిస్త.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
పర్చేజ్ ఆయనకి ఈ చర్చంతా చూపించాను. "ఇదంతా సరే, పీఓలో (పర్చేజ్ ఆర్డరులో) ఏం రాయాలి, ఒక్క లైను చెప్పు" అంటున్నాడు.

పాత_డ్రాఫ్ట్స్‌మన్
ఇలా రాయండి: "డై స్ప్రింగు, ఐఎస్ఓ 10243, బోర్ 25, రాడ్ 12.5, ఫ్రీ లెంత్ 64, హెవీ లోడ్ రకం, రేటు 144 న్యూటన్/మి.మీ.కి తగ్గకుండా, పని నొక్కుడు 15 మి.మీ., రేటు రిపోర్టుతో, సంఖ్య 10." రెండు అదనంగా అడిగాను, ఒకటి కాటా మీద పెట్టి చూడటానికి, ఒకటి స్టాకులోకి. రంగు రాయకండి. కేటలాగులో 25 సైజు 64కి ఆ రేటు తగ్గితే ప్రీలోడ్ ఒక మి.మీ. పెంచి చూడండి. 16 నొక్కుడు సరిగ్గా 25 శాతం, అంతకు మించొద్దు. అప్పటికీ చాలకపోతే స్ప్రింగులు పదికి పెంచండి.

జీడిమెట్ల_ప్రెస్‌షాప్
పీఓ వెళ్ళింది. షూ రేపు మిల్లింగ్‌కి పంపుతున్నా. అప్పటిదాకా ఈ పసుపువాటితోనే నడపొచ్చా? కస్టమర్ ఫోన్లు ఆగట్లేదు.

చర్లపల్లి_సెట్టర్
4 ప్యాకింగ్ ఇయ్యాల్నే వెయ్యి. 51 స్ప్రింగుతోని మొత్తం 12కి దిగుతది, పసుపుకి 23.5 శాతం. నాలుగు రోజులు గుంజుతది. విరిగినయి తీసేసి ఎనిమిదీ నిండుగున్నయే పెట్టు. షిఫ్టుకొకసారి ప్రెస్ ఆపి, టార్చ్ ఏసి బోర్లల్ల చూస్తుండు.